కంఠస్థవిద్యయు హస్తస్థయంత్రమును

ఇటీవల నాయుడుపేటలో జరిగిన యొక విద్యార్థిసభకు బోవుట నాకు దటస్థించినది. స్వర్ణముఖి యొడ్డుననున్న యీ పట్టణము చిరకాలము నెల్లూరు మండలమునకు జేరియుండి, 2022 సంవత్సరపు జిల్లాల పునర్విభజనమున దిరుపతి జిల్లాలో గలిసినది; అయినను జనుల పలుకుబడియు, ధాన్యపు గొలతయు నింకను నెల్లూరివే. సభలో ముఖ్యోపన్యాసకుడుగా వచ్చిన యువకుడు మంచి వాగ్ధాటి గలవాడు. ఆయన వాదమిది: "పూర్వము పుస్తకములు దుర్లభములు గావున మన పెద్దలు సర్వమును గంఠస్థము చేసిరి. నేడు ప్రతివాని చేతిలోను ఫోనున్నది. అడిగిన తక్షణము లెక్కయు, శబ్దార్థమును, పద్యమును, దాని తాత్పర్యమును నది చెప్పును. ఇట్టి కాలమున బిల్లలచేత నెక్కములను, పద్యములను వల్లె వేయించుట విద్యుద్దీపము వెలుగుచుండగా నాముదపు దీపమునకు వత్తి చేయుట వంటిది. ఈ సమీపముననే యున్న శ్రీహరికోటనుండి రాకెట్లను బంపువారు పదమూడవ యెక్కము చదువుచు బంపుచున్నారా?" పిల్లలు చప్పట్లు చఱచిరి. వారికి మఱునాడు పద్యము లప్పగింపవలసియుండె గాబోలు.

పిమ్మట లేచిన వృద్ధోపాధ్యాయు లొకరు, పుస్తకమునందలి విద్యయు బరుల చేతిలోని ధనమును సమయమునకు బనికిరావను నర్థము గల ప్రసిద్ధశ్లోకమును జదివి, యదియే సమాధానమైనట్లు కూర్చుండిరి. నాకు నిరువురి మాటలును దృప్తి గలిగింపలేదు. ఉపన్యాసకుడు జ్ఞాపకమును వట్టి గిడ్డంగిగా నెంచెను. ఉపాధ్యాయులును గిడ్డంగిగానే యెంచి, యది మన యింట నుండవలెనా, పొరుగింట నుండవలెనా యని మాత్రము తర్కించిరి. కంఠస్థమైన విద్య మనలో జేయు పని యింతమాత్రమేనా? ఉపన్యాసకుడు చేత గాగితపు ముక్కయైన లేకుండ నరగంటసేపు ధారాళముగా మాటలాడెనని యిచ్చట నొకమాట చెప్పి ముందునకు సాగుదును.

మఱునాటి యుదయమున నొక స్నేహితుని వెంట ధాన్యపు గొట్టునకు బోయితిని. నెల్లూరిసీమలో నేటికిని వడ్ల ధరను బుట్టి లెక్కన బలుకుదురు. పుట్టి యనగా 850 కిలోగ్రాములు. ఆనాటి బేరము పుట్టి 18,700 రూపాయలకు గుదిరినది. సరకు 14 పుట్లు. గుమాస్తా కుఱ్ఱవాడు ఫోనులో లెక్కించి "ఇరవైయాఱువేల నూట యెనుబది" యని చదివి, చిట్టాలో వ్రాయుటకు గలము గూడ నెత్తెను. మూల గూర్చుండి వక్క కత్తిరించుకొనుచున్న వృద్ధు డొకడు తలయెత్తకయే, "ఏం అబ్బయా, సున్న యాడ పడేసినావు? పది పుట్లకే లక్షా ఎనభై యేడు వేలు గదా!" అనెను. కుఱ్ఱవాడు మరల గొట్టి చూడగా 2,61,800 వచ్చినది. మొదట నొక సున్నమీద వ్రేలు సరిగా దగులలేదు.

ఇందు యంత్రము చేసిన తప్పు లేదు. అడిగినదానికి జవాబు సరిగానే చెప్పినది, అడుగుటయే తప్పు. వృద్ధుడు పదునాలుగు పుట్ల మొత్తమును గణింపనులేదు; గణించినచో యంత్రముకంటె నాలస్యముగనే గణించియుండును. వచ్చిన సంఖ్య యుండవలసిన చోట లేదని మాత్ర మెఱిగెను. ఆ కుఱ్ఱవాడు మూఢుడు గాడు, పట్టభద్రుడు. కాని సంఖ్యలతో నాతనికి ముఖపరిచయము లేదు. ముఖపరిచయము లేనివాడు మాఱువేషమున వచ్చినవాని నెట్లు పట్టుకొనును? ఆ వృద్ధుని యెక్కములు జవాబు చెప్పుటకుగాక, జవాబును బరీక్షించుటకు బనికివచ్చినవి. గిడ్డంగి యను నుపమానమున కిది లొంగదు.

అంతమాత్రమున బూర్వుల వల్లెపాఠ మంతయు శిరోధార్యమని చెప్పబోను. మన వీథిబడులలో మామూలు యెక్కములతో దనివి తీరక, భిన్నముల యెక్కములను వీసము వఱకును వల్లె వేయించెడివారు. వీసమనగా బదునాఱవ వంతు. రూపాయకు 16 అణాలును, వీశెకు 5 సేర్లును, మణుగునకు 8 వీశెలును, పుట్టికి 20 మణుగులును. కొలతలోనైనచో తూమునకు 4 కుంచములును, పుట్టికి 20 తూములును. ఇవి యన్నియు నోటికి రానివాడు సంతలో మోసపోవుట నిశ్చయము గావున నాటి పంతుళ్ల నిందింప బనిలేదు. 1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయకు నూఱు నయాపైసలైనవి. ఆ వెంటనే కొన్ని సంవత్సరములలో గిలోలును, లీటర్లును వచ్చినవి. ఒక తరమువారు బెత్తపు దెబ్బలు తిని నేర్చిన వీసపుటెక్కము లొక చట్టముతో జెల్లని నాణెములైనవి. వానికై నేడు విలపించువా డెవడును గానరాడు. విలపింప నక్కఱయు లేదు. నెల్లూరి పుట్టి మాత్రము చట్టమునకు లొంగియు లొంగక, 850 కిలోలని క్రొత్త లెక్కను దొడుగుకొని, రైతుల నోట నిలిచినది. ఊరూరికిని మాఱిన కొలత యగుటచే, పుట్టికి గిలోలెన్నియని ఫోను నడిగినవాడు ఏ సీమ పుట్టిని దెచ్చుకొనునో చెప్పజాలము.

కావున నోట నుండవలసినదియు, నోట నుండ బనిలేనిదియు నని విద్య రెండు తెఱగులు. మనుష్యులు కూర్చుండి యేర్పఱచుకొన్న వట్టి సంకేతములను, అనగా దేశముల రాజధానులను, రాజుల పట్టాభిషేక సంవత్సరములను, వ్యాపారపు సూచికలను యంత్రమునకు వదలుటలో నాకు సంకోచము లేదు. ఈ విషయమున నేను ఉపన్యాసకుని పక్షము.

అర్థ మెఱుగని వల్లెపాఠము విషయమునను నేనాయన పక్షమే. ఆ దోషమును దెల్లవారు వచ్చి చూపువఱకు మనవా రెఱుగరని కొందఱందురు; అది పొరపాటు. వేదమును జదివియు నర్థము నెఱుగనివాడు బరువు మోయు మ్రానువంటివాడని యాస్కుని నిరుక్తమున నెన్నడో చెప్పబడినది. వేదపాఠకు లక్షరము పొల్లుపోకుండ నిలుపుటకై పదము, క్రమము, జట, ఘనము నను పాఠరీతులు గల్పించి, యొక స్వరము తప్పినను మఱియొక రీతిలో బట్టువడునట్లు కట్టుదిట్టము చేసిరి. ఆ నేర్పు ప్రపంచమున నద్వితీయము. ఆ నేర్పుగల దేశముననే యా మ్రాను మాటయు బుట్టినది. మఱి మన వీథిబడుల మాట కొత్తును. చెన్నరాజధాని గవర్నరైన మన్రో 1822లో విద్యాస్థితిని విచారించి తెలుపుడని కలెక్టర్లకు ఆజ్ఞాపించగా, బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెలు 1823లో దన నివేదికను బంపెను. నాటి బళ్ళారి మండలమున నేటి యనంతపురపు సీమయు జేరియుండినది. అందు 533 బడులు, 6,641 మంది పిల్లలు. ఇసుకలో వ్రేలితో వ్రాయించుటను, పెద్దపిల్లలచే బిన్నలకు జెప్పించుటను మెచ్చుకొనిన యా దొరయే, పిల్లలు లెక్కలేనన్ని పద్యములను దడువుకొనక చదువుదురనియు, వాని యర్థ మెఱుగుటలో జిలుకకును వారికిని భేదము లేదనియు వ్రాసెను.

ఆ చిలుకలలో నేనొకడను. బాల్యమున నమరకోశము రెండు కాండములు నాచే వల్లింపబడినవి. పదియేండ్లు గడచి కావ్యములు చదువ మొదలిడినప్పుడు, ఎన్నడో నోటబట్టిన పదములు ఒక్కటొక్కటిగా గన్ను తెఱచినవి. ఆ సంతోషము నేటికిని మఱవలేదు. "ఇప్పుడు వల్లించుము, తరువాత దెలియును" అను పంతుళ్ల వాదమునకు నేనే సాక్షినని చెప్పుకొనవచ్చును. కాని నాతో గూర్చుండి వల్లించిన పదునొకండు గురిలో గావ్యముల దాక వచ్చినవార మిద్దఱము. తక్కినవారికి దరువాతయు దెలియలేదు. ఆ తొమ్మండుగురి బాల్యమునకు జవాబుదారి యెవరు?

అయినను నా యమరకోశమును దలంచుకొన్నప్పుడు నా కొక సంగతి తోచుచున్నది. దీనిని విమర్శకులు తగినంతగా బరిశీలించినట్లు లేదు. పిల్లల వల్లెపాఠమును జిలుకపలుకనిన యా క్యాంబెలు దొరయే, అంతకు రెండేండ్లకు ముందు, 1821లో, తెలుగు నిఘంటువు నచ్చువేయించినవాడు. అది యకారాదిక్రమమున గూర్చబడినది. మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికయు నట్టిదే. పిదప 1852లో బ్రౌనుదొర నిఘంటువును, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును, 1936 మొదలుకొని సూర్యరాయాంధ్రనిఘంటువును వెలువడినవి. నేడు ఫోనులో మనము వెదకునవియు వీని పుటలే. అంతకు బూర్వము మనవారికి నిఘంటువులు లేవా? ఉన్నవి, కాని పద్యములలో నున్నవి. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము, దానికి శేషముగా నడిదము సూరకవి రచించిన ఆంధ్రనామశేషము మొదలగునవి యట్టివి. సంగ్రహమున దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులని విభాగములు గలవు. పద్యమున నేల గూర్చిరి? వల్లించుట సులువగుటకు, అని యెల్లవారు నందురు. అది నిజమే గాని సగము నిజము.

అకారాదినిఘంటువు, పదము ముందుగా దొరకినవానికి అర్థమును జెప్పును. పద్యనిఘంటువు, అర్థము మనస్సున నున్నవానికి బదమును జెప్పును. మొదటిది చదువరికి బనిముట్టు; రెండవది వ్రాయువానికి. చెట్టును గుఱించి వ్రాయబోవు కవికి స్థావరవర్గు నోట నున్నచో, చెట్టు నాశ్రయించిన పేళ్లన్నియు నొక్కపెట్టున వచ్చి నిలుచును. వానిలో దన గణమునకును, దన భావమునకును దగినదాని నాతడు గైకొనును. అకారాదినిఘంటువు నెంత తిరుగవేసినను నీ పని కాదు. ఏలయన దానిలో బదమును వెదకుటకు ముం దా పదము తెలిసియుండవలెను. కావున నొకటి పోయి మఱియొకటి వచ్చినదని మనము సంతసించుట పొరపాటు. పోయినది యొక పని చేయుచుండినది, వచ్చినది మఱియొక పని చేయుచున్నది.

నేటి ఫోనులో నర్థమును బట్టియు బదమును వెదకవచ్చును గదా యని యందురేమో. వెదకవచ్చును, నేనును వెదకుచుందును. కాని నేను వ్రాసిన మాటకంటె మేలైన మాట యొకటి కలదను ననుమానము గలిగినగదా వెదకుట! ఆ యనుమానము ఫోనులో బుట్టదు. ఎప్పుడో విని, చదివి, సగము మఱచిన మాట యొకటి లోపల గదలి దానిని బుట్టించును. లక్ష పదములు చేతిలో నుంచుకొని మున్నూఱు పదములతో వ్రాయుచున్న నేటి తెలుగు వచనమును జూచిన నీ సంగతి బోధపడును. వార్తాపత్రికలలో వాన "కుండపోత" గానే కురియును, జనము "పోటెత్తు"దురు, నాయకుడు "నిప్పులు చెఱుగు"ను. ఆ వ్రాతగాండ్ర చేత నిఘంటువు లేక కాదు. నోట మాట లేక.

జ్ఞాపకము వట్టి గిడ్డంగి గాదనుటకు మన యవధానములు మఱియొక తార్కాణము. వానిని వట్టి గారడియని యెత్తిపొడుచు సంస్కారప్రియులు గలరు. అవధానమున బుట్టిన పద్యములలో సభ ముగిసిన పిదప దలంపదగినవి కొన్నియే యని నేనును నొప్పుకొందును. కాని యందలి వ్యాపారమును జూడుడు. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారల వంటి శతావధాను లొక్కొక్క పృచ్ఛకునకు నొక్కొక్క పాదము చొప్పున జెప్పుచు, ముగియని పద్యముల నన్నింటిని మనస్సున నిలుపుకొని, తుదిని ధారణ చేసి యప్పగించెడివారు. వారు నిలిపినది ముందు నేర్చినది గాదు, అప్పుడే పుట్టుచున్నది. చేతిలోని కాగితముపై నున్న పాదము కన్ను దానిపై నున్నంతసేపే మనది. మనస్సులోని పాదము మనము వేఱొకనితో మాటలాడుచుండగను దన తరువాతి పాదమును వెదకికొనుచుండును. దారి నడచుచుండగను, నిదుర పట్టక దొర్లుచుండగను లెక్క తెగుటయు, శ్లోకార్థము స్ఫురించుటయు మనలో బెక్కండ్ర కనుభవమే. లోపల లేనిదాని నెవడును నిదురలో ద్రిప్పలేడు.

నెల్లూరిలో భారతము రచించిన తిక్కనసోమయాజిని గుఱించి యా సీమలో జెప్పుకొను కథ యొకటి గలదు. ఆయన యాశువుగా జెప్పుచుండగా గురునాథుడను లేఖకుడు ఘంట మాపక వ్రాయవలెనని నియమము. ఒకచో గవికి మాట తోపక లేఖకుని బేరు పెట్టి పిలిచి, యేమి చెప్పుదునని వాపోగా, లేఖకు డా మాటను గూడ వ్రాసివైచెనట. చూడగా నది సంజయుడు ధృతరాష్ట్రునితో బలుకు సందర్భమునకు, కురునాథా యను సంబోధనముగా, సరిగా నమరినది. కథ నిజమో కాదో నాకు ముఖ్యము గాదు. ఘంటము విన్నదెల్ల వ్రాయును. ఆ మాట పద్యమున నొదుగునని యెఱిగినది ఘంటము గాదు, అంతవఱకు నడచిన కథను, పద్యపు నడకను లోపల బెట్టుకొన్నవాడు.

ఇక నేటి ఘంటము మాట. నాయుడుపేటలోని నా స్నేహితుని కూతు రింటర్మీడియేటు చదువుచున్నది. వేమనను గుఱించిన వ్యాసమున కొక పద్యము గావలసి, ఫోనులోని కృత్రిమమేధ నడిగినది. అది తడవు చేయక నాలుగు పాదముల పద్యమును, దానికి దాత్పర్యమును వ్రాసియిచ్చెను. తుద వేమన మకుటమును గలదు. పిల్ల దానిని బిగ్గఱగా జదువుచుండగా, వంటయింటనున్న నాయనమ్మ, "ఇది వేమన్నది కాదమ్మా, నడక కుంటతా వుంది" అనినది. ఆటవెలదికి ఒకటవ, మూడవ పాదములందు మూడు సూర్యగణములును, రెండింద్రగణములును. రెండవ, నాలుగవ పాదములం దైదును సూర్యగణములే. ఆ యమ్మకు గణముల పేళ్లైన దెలియవు. బడికి బోయినదియు నైదవ తరగతి వఱకే. కాని చిన్ననాట నేర్చిన యేబది యఱువది పద్యము లామె చెవిలో నున్నవి. నేను గణవిభజన చేసి చూచితిని. మూడు పాదములు తప్పినవి. వేమన పేర గూటపద్యములు యంత్రము వచ్చిన పిదపనే పుట్టినవి గావు. 1829లో బ్రౌను దొర వేమనపద్యముల నచ్చువేయించుటకు ముందునుండియు నా వ్యాపారము గలదు. కాని నాటి కూటకవులకు ఛందస్సైన వచ్చును.

ధాన్యపు గొట్టులోని వృద్ధుడు చేసినదియు, నీ యమ్మ చేసినదియు నొక్కటే పని. రెండుచోట్లను జవాబు తెచ్చిన యంత్రము తడబడలేదు, సిగ్గుపడలేదు. సందేహించుట మనుష్యుని వంతు. సందేహించుటకు లోపల నొక కొలబద్ద యుండవలెను.

శ్రీహరికోట మాటకు గూడ సమాధానము చెప్పవలెను గదా. 1979 ఆగస్టు 10వ తేదీన నచ్చటినుండి మన తొలి ఎస్.ఎల్.వి.-3 రాకెట్టును బ్రయోగించిరి. ప్రయోగమునకు ముందు కంప్యూటరు ఆగుమని సూచింపగా, నిపుణుల సలహాపై దాని నతిక్రమించి యాజ్ఞ యిచ్చితినని నాటి నిర్దేశకుడైన అబ్దుల్ కలాము పిదప సభలలో జెప్పియున్నారు. రాకెట్టు బంగాళాఖాతమున బడినది. మరుసటి సంవత్సరము, 1980 జులై 18న, రోహిణి యుపగ్రహము కక్ష్య నందుకొనెను. ఇది ఉపన్యాసకుని వాదమునకే యనుకూలమని చదువరులు నవ్వవచ్చును. నవ్వుడు, యంత్రము మాట వినవలసిన వేళలును గలవని నేనెఱుగుదును. అయితే యా వేళ లేది, కాని వేళ లేది యని యంత్రము చెప్పదు. నాడు యంత్రము మాట ద్రోసివైచినవారును, మఱుసంవత్సరము లోపమును గనిపెట్టి సవరించినవారును లోపల శాస్త్రము గలవారే. పదమూడవ యెక్కమును జదువుచు రాకెట్టును బంపరు, నిజమే. పదమూడవ యెక్కము రానివాడు దానిని బంపుట మాత్రము నేను వినలేదు.

ఇంతయు జెప్పి మన బడులలో నేమి జరుగుచున్నదో చూచిన, ఉపన్యాసకుని యాగ్రహము నా కర్థమగుచున్నది. పాఠ్యపుస్తకమున గొన్ని పద్యములకు నక్షత్రపు గుర్తు వేయుదురు. పరీక్షలో నడుగునవి యవియే గావున బిల్లలు వానిని మాత్రమే వల్లింతురు. తాత్పర్యమును సైతము గైడుపుస్తకమునుండి పద్యమువలెనే వల్లింతురు. పరీక్ష ముగిసిన సాయంకాలమునకు రెండును బోవును. ఇది కంఠస్థమును గాదు, యంత్రసాహాయ్యమును గాదు. రెంటి దోషములను గలిపిన దొకటి. ఆ నక్షత్రములను దుడిచివేసి, పిల్లవాడు తన కిచ్చవచ్చిన పదిపద్యములను బుస్తకమునుండి కాని, ఇంట నాయనమ్మనుండి కాని యేఱుకొని, పంతులుగారి యెదుట బిగ్గఱగా జదివి, యవియే యేల యేఱుకొనెనో తన మాటలలో జెప్పునట్లు నియమింపవచ్చును. అర్థము చూచుటకు ఫోను దగ్గఱ నుంచుకొనుట కభ్యంతర ముండరాదు. సభ ముగిసిన పిదప నీ సంగతి నుపన్యాసకునితోను, వృద్ధోపాధ్యాయులతోను బ్రస్తావించితిని. పది యెక్కువయని యొకరును, పది చాలదని యొకరును ననిరి.